మిద్దె మీది బఠాణీలు

మాధవరంలో మా తమ్ముడి కూతురు సుధ ఉంటుంది. మొన్న చలికాలంలో, అంటే మద్రాసులో చలికాలమని మనం మర్యాదకు పిలుచుకునే ఆ కొద్ది రోజుల్లో, భోజనానికి రమ్మంది. తిన్నాక చెయ్యి పట్టుకుని బాల్కనీలోకి తీసుకెళ్లింది. ఖాళీ పెయింటు బకెట్లు వరసగా పెట్టి వాటిలో బఠాణీ మొక్కలు పెంచింది. మోకాలెత్తు కూడా లేవు. తెల్లపూలు, వాటి కింద వేలెడేసి కాయలు, పట్టుకోవడానికి ఏదైనా దొరుకుతుందా అని వెతుక్కుంటున్న సన్నని నులితీగలు. "ఇది పొట్టి రకం అత్తా, పందిరి అక్కర్లేదు, కుండీలోనే కాస్తాది. ఫోన్లో చూసి నేర్చుకున్నా" అని ఒక కాయ తుంచి నా చేతిలో పెట్టింది. నేను దాన్ని ఒలవకుండా అలాగే పట్టుకుని నిలబడ్డాను. "మా అమ్మ, అదే మీ పాట్టి, కిరసనాయిలు డబ్బాల్లో వేసింది ఇదే రకం" అన్నాను. "పాట్టీనా? పాట్టి చెట్లు పెంచిందా? అప్పా ఒక్క తూరి కూడా చెప్పలేదే" అంది.

చెప్పడానికి వాళ్ల అప్పాకు గుర్తుండాలి కదా. ఆ రోజుల్లో మా శీనుకు లాగు బొత్తాం పెట్టుకోవడం కూడా రాదు. ఇప్పుడు వాడూ లేడు. వ్యాసర్పాడిలోని ఆ ఇల్లు ఎప్పుడో పడగొట్టారు, దాని మీద లేచిన ఇంటిని కూడా మళ్లీ పడగొట్టి ఇంకేదో కట్టారు. ఆ మిద్దెను, ఆ డబ్బాలను చూసినవాళ్లలో మిగిలింది నేనొక్కదాన్నే. నాకూ అవతలి గట్టు కనిపిస్తూనే ఉంది. అందుకని రాస్తున్నాను. సంతోషపడే సంగతులు ఇందులో పెద్దగా లేవని ముందే చెబితే మంచిది.

మా ఇల్లు రైల్వే యార్డుకు వెనక వీధిలో ఉండేది. ముందు పెంకులు, వెనక చిన్న మిద్దె, మిద్దె మీద ఒకే ఒక గది. మావాళ్లు నెల్లూరు దిక్కు నుంచి వచ్చారంటారు. ఎప్పుడు వచ్చారో, ఎందుకొచ్చారో తెలిసినవాళ్లెవరూ లేరు. వీధిలో సగం ఇళ్లు మాలాగే తెలుగు ఇళ్లు, గొంతు తగ్గించి మాట్లాడేటప్పుడు తెలుగు, తగువులాడేటప్పుడు అరవం. నాయన యార్డులో సామాన్ల గుమాస్తా. ఇంజన్ల పొగ మా ఇంట్లో ఒక మనిషిలాగా ఉండేది. ఆరేసిన పంచెల మీద మసి, పాలగిన్నె మూత మీద మసి, పొద్దున్నే ముక్కు చీదితే నల్లగా వచ్చేది. ఆ పొగ వాసనలోనే అవ్వ వేయించే కాఫీ గింజల వాసన కలిసేది. ఇప్పటికీ ఎక్కడైనా బొగ్గు కాలుతుంటే నాకు కాఫీ తాగాలనిపిస్తుంది. పిల్లలు నవ్వుతారు, నవ్వనీ.

అవ్వంటే నాయన తల్లి. పొట్టి మనిషి, గట్టి మనిషి. తెల్లవారకముందే లేచి, వాకిట్లో కళ్లాపి చల్లి, ముగ్గేసి, స్నానం చేసి, తడిచీరతోనే పొయ్యి ముట్టించేది. ఆమె స్నానం అయ్యాక ఆమెను తాకితే మళ్లీ స్నానం. మేము పరాకున తగిలామంటే ఒక్క మాట అనేది కాదు, బిందె ఎత్తుకుని మళ్లీ కొళాయి దగ్గరకు వెళ్లేది. తిట్టినా బాగుండేది. వంటింట్లో ఉప్పు జాడీని ఎవరినీ ముట్టనిచ్చేది కాదు. మాకు అన్నం కలిపి ముద్దలు పెట్టేటప్పుడు మాత్రం ఆ చెయ్యి ఎంత మెత్తగా ఉండేదో చెప్పలేను. పప్పులో నెయ్యి వేసి, చివర్లో ఇంత ఊరగాయ అద్ది, "ఇది కాకి ముద్ద, ఇది పిచ్చిక ముద్ద" అని పెట్టేది. ఆమె చెడ్డదని నేను ఏ రోజూ అనుకోలేదు. ఇప్పుడూ అనుకోను. అయినా ఆమె మీద నాకున్న కోపం ఇన్నేళ్లలో పూర్తిగా చల్లారలేదు.

అమ్మకు జబ్బు చేసింది. ఆ జబ్బు పేరు మా ఇంట్లో ఎవరూ పలికేవారు కాదు, 'ఆ సీకు' అనేవారు. దగ్గు, సాయంత్రానికి జ్వరం, ఒకరోజు రుమాలులో నెత్తురు. ఆసుపత్రిలో చేర్చుకోవడానికి పడకలు లేవన్నారు. ఇంట్లోనే ఉంచి మందులు ఇవ్వొచ్చని చెప్పి పంపారు. అవ్వ ఆ పూటే అమ్మ పరుపు, పింగాణీ పళ్లెం, చెంబు మిద్దె మీది గదికి చేర్చింది. ఆ గదిలోనే మా మేనత్త, నాయన చెల్లెలు, నేను పుట్టకముందు అదే జబ్బుతో పోయింది. పెళ్లయిన ఏడాదే. అవ్వ తన కూతురికి దగ్గరుండి తినిపించి, తాగించి, చివరికి అదే గదిలో తన చేత్తోనే ఆమె కళ్లు మూసింది. అందుకే అమ్మను అక్కడికి పంపేటప్పుడు అవ్వ ముఖంలో కోపం లేదు, భయం మాత్రమే ఉంది. మెట్ల మధ్యలో ఒక పుల్లల చీపురును అడ్డంగా పెట్టింది. చీపురు దాటితే ఇంటి లక్ష్మి అలుగుతుందని మాకు ఉగ్గుపాలతో నేర్పారు. తలుపుకు తాళం వేసినా నేను పగలగొట్టేదాన్నేమో, ఆ చీపురును మాత్రం దాటలేకపోయాను. చిత్రమేమిటంటే అమ్మ కూడా దాటలేదు. అవ్వ చీపురుకు ఇవతల అన్నం పెట్టి దిగిపోయేది, అమ్మ అవతల నుంచి చెయ్యి చాచి అందుకునేది. నేను చీపురుకు కింది మెట్టు మీద కూర్చుని పాఠాలు చదివేదాన్ని, అమ్మ పైన పిట్టగోడకు ఆనుకుని వినేది. శీను కింద నిలబడి "అమ్మా, దిగు" అనేవాడు. "దిగతా నాయనా, సీకు పోనీ" అనేది.

మందులు సరిగ్గా మింగుతోందా లేదా అని చూసి పోవడానికి గ్రేసమ్మ అనే నర్సు వచ్చేది. మన తెలుగు ఆమే, పెరంబూరులో ఉండేది. తెల్లచీర, నల్లగొడుగు. చీపురును ఒక్క అంగలో దాటి పైకెక్కేది, దాన్ని చూసినట్టే ఉండేది కాదు. సూది, తరవాత పెద్ద పెద్ద బిళ్లలు. అవి మింగితే అమ్మకు కడుపులో తిప్పేది, సగంరోజు గోడకు తిరిగి పడుకునేది. కొన్నాళ్లకు దగ్గు తగ్గింది, జ్వరం పోయింది. గ్రేసమ్మ కిందికి దిగి అవ్వతో చెప్పింది: "పెద్దమ్మా, తెమడలో ఇప్పుడు పురుగు లేదు. ఆమెను కిందికి రానీండి. బిడ్డల్ని తాకినా ఏం కాదు."

అవ్వ వక్క కత్తిరిస్తూనే, "నువ్వు పుట్టకముందే ఆ సీకును నేను చూసినా తల్లీ. పోయినట్టే ఉంటాది, మళ్లా వస్తాది. నా కూతురికి కూడా మధ్యలో తేటగానే ఉన్నింది. ఆడనే ఉండనీ, దానికేం తక్కువ చేస్తున్నామా?" అంది.

నిజమే, తక్కువేమీ చేయలేదు. పాలు, గుడ్డు, నెయ్యి అన్నీ వేళకు పైకి వెళ్లేవి. నాకు తెలిసి మా ఇంట్లో అమ్మ అంత బాగా తిన్న కాలం అదొక్కటే. కానీ జబ్బు తగ్గిన మనిషికి మిద్దె మీద చేసే పనేముంటుంది? యార్డులో పెట్టెలు లెక్కపెట్టడం, ఎండ గోడ మీద నుంచి నేలకు దిగడం చూడడం. గ్రేసమ్మకు అది నచ్చలేదు. వానలు కాస్త తెరిపిచ్చాక, కార్తీకం మొదట్లో, ఒక కాగితం పొట్లం తెచ్చింది. తాను అద్దెకుండే ఇంటి దొరసాని, రైలు డ్రైవరు భార్య, ప్రతి చలికాలం వసారాలో తొట్లలో బఠాణీలు పెంచేదట. ఆ విత్తనాలే ఇవి. "పొట్టి రకం. ఎగబాకదు. మద్రాసు ఎండకు తాళేది కాదు, చలి నెల ఒక్కటే దీనికి బతుకు. చూసుకో రాజమ్మా, నీకు పొద్దుపోతాది" అంది. అమ్మ ఆ గింజలను అరచేతిలో పోసుకుని చాలాసేపు చూసిందని తరవాత నాతో చెప్పింది. ముడతలు పడి, గట్టిగా, సౌకార్‌పేట అంగట్లో దొరికే ఎండు బఠాణీలంత అందంగా కూడా లేవట.

డబ్బాలు నాయన తెచ్చాడు. కిరసనాయిలు డబ్బాల పైరేకు కోసి, అడుగున మేకుతో బొక్కలు పెట్టి, మెట్ల మీద చీపురు పక్కన పెట్టి వచ్చేవాడు. అమ్మ కడిగి ఎండబెట్టి, అడుగున పెంకుముక్కలు, వాటి మీద ఇంజన్లు పారబోసిన బొగ్గు కిట్టం, దాని మీద ఎర్రమన్ను, చివికిన పేడ నింపింది. గింజలు రాత్రంతా నానబెట్టి వేలి కణుపు లోతున గుచ్చింది. మొలకలు తలెత్తగానే పిచ్చికలు కొరికేశాయి. మళ్లీ వేసి పాత దోమతెర ముక్క కప్పింది. ఆకుల మీద మసి పడితే తడిగుడ్డతో ఒక్కొక్క ఆకూ తుడిచేది. మధ్యాహ్నం ఎండ వాలేకొద్దీ డబ్బాలను గోడ నీడలోకి జరుపుకుంటూ పోయేది. కింద వంటింట్లో కూర్చున్నా ఆ రేకు నేలకు రాసుకునే చప్పుడు వినిపించేది. ఆ చప్పుడు వింటే నాకు ధైర్యంగా ఉండేది, అమ్మ లేచి తిరుగుతోందని. మొక్కలు పొట్టివే అయినా కాయల బరువుకు వాలిపోకుండా చిన్న ఊతం కావాలి. మిద్దె మీద పుల్లలెక్కడివి? మెట్ల మీది చీపురు నుంచి రోజుకు ఒకటీ అరా లాగి గుచ్చేది. అవ్వ అన్నం పెట్టడానికి వచ్చినప్పుడు, "ఏందో, ఈ చీపురు నానాటికీ చిక్కిపోతా ఉండాదే" అని వంగి చూసేది. పైన అమ్మ, కింద నేను నవ్వు ఆపుకునేవాళ్లం. ఆ మూడు నాలుగు నెలల్లో మేము కలిసి నవ్వింది అప్పుడే.

మొదటి కాయలు ధనుర్మాసం పట్టిన కొన్నాళ్లకు వచ్చాయి. అమ్మ పళ్లెంలో ఇన్ని కాయలు పెట్టి మెట్టు మీదికి జరిపింది. "అత్తా, బిడ్డలకు కూర చేసి పెట్టండి" అంది. అవ్వ కాదనలేదు. "చేస్తాలే, బాగుండాయే" అని కొంగులో పోసుకుని దిగింది. సాయంత్రం పాలవాడు వీధిలోకి గేదెను తోలుకొచ్చి పాలు పిండుతుంటే, దాని ముందున్న తొట్టిలో తవుడుతో పాటు పచ్చటి కాయలున్నాయి. పిట్టగోడ మీద నుంచి అమ్మ అది చూసింది. కిందనుంచి నేను అమ్మను చూశాను. మర్నాడు అవ్వ తనంతట తానే, "కూర బాగుండింది మే, బిడ్డలు ఇష్టంగా తిన్నారు" అని చెప్పింది. అమ్మ "సరి అత్తా" అంది. ఇద్దరిలో ఎవరి మాట నాకు ఎక్కువ బాధ కలిగించిందో ఇప్పుడు చెప్పలేను.

మా వీధి చివర చిన్న రాముల మందిరం ఉండేది. ధనుర్మాసం నెలంతా తెల్లవారుజామున అక్కడ పూజ. ఒక్కో రోజు నైవేద్యం ఒక్కో ఇంటివారిది. దాన్ని ఉభయం అనేవాళ్లం. మన ఉభయం అంటే బియ్యం, పెసరపప్పు, మిరియాలు, నెయ్యి మనింటి నుంచి వెళ్తాయి, పూజారి అయ్యవారు పొంగలి వండుతాడు, ఆ రోజు మొదటి దొన్నె మనింటి పెద్దకు. మా ఉభయం ముందు రోజు సాయంత్రం నాయన మెట్ల దగ్గరకు వస్తే అమ్మ చిన్న గిన్నె ఒకటి జరిపింది. అందులో ఒలిచిన పచ్చిబఠాణీలు. నేను కింది మెట్టు మీదే ఉన్నాను. "ఇది తొలి కాపు. రాములోరికి ఇయ్యండి. పొంగల్లో ఎయ్యమనండి" అంది.

నాయన తల్లికీ పెళ్లానికీ మధ్య అడకత్తెరలో పోకచెక్క. "అమ్మకు తెలిస్తే?" అన్నాడు.

"ఇప్పుడు తెలియనీయకండి. ప్రసాదమంటే అత్త కాదనదు, బిడ్డలకూ పెడతాది. ఈ నెల పోనీండి. ఎవరికీ ఏం కాలేదని అయినాక మీరే చెప్పండి. అప్పుడు భయం పోతాది. పండక్కి నేను కింద ఉంటా" అంది. నాయన గిన్నె పైపంచె కింద పెట్టుకుని వెళ్లాడు. ఆ మనిషి జీవితంలో అంత తెగువ చేసింది ఆ ఒక్కసారే. అమ్మ నావైపు చూసి, "పాప్పా, నోరు" అని వేలు పెదవుల మీద పెట్టుకుంది. నేను ఎవరికీ చెప్పలేదు. చెప్పింది నేను కాదు.

తెల్లవారుజామున అవ్వ మమ్మల్ని లేపి, ఉతికిన బట్టలు తొడిగి మందిరానికి తీసుకెళ్లింది. చలి, కర్పూరం, నేతిలో వేగిన మిరియాల వాసన. అయ్యవారు మొదటి దొన్నె అవ్వ చేతిలో పెట్టాడు. తెల్లటి పొంగలిలో అక్కడక్కడా ఆకుపచ్చటి గింజలు. అవ్వ దొన్నెను కళ్లకద్దుకుని తిన్నది. "ఈ తడవ బఠాణీలు ఏసినారే, కొత్తవాల్ చావడి మార్కెట్టు నుంచి తెప్పించినారేమో, బలే లేతగా ఉండాయి" అని శీను నోట్లోనూ నా నోట్లోనూ పెట్టింది. ఇంకొంచెం అడిగి పెట్టించుకుంది కూడా. నాయన స్తంభం చాటున నిలబడి కళ్లు తుడుచుకున్నాడు. నాకు ఆ గింజల రుచి గుర్తులేదు. అవి నోట్లో ఉన్నంతసేపూ అమ్మ దిగొస్తుంది, అమ్మ దిగొస్తుంది అని మాత్రమే అనుకున్నాను. ఇంటికి వచ్చాక నాయన మెట్ల దగ్గర నిలబడి పైకి చూసి తల ఊపాడు. అమ్మ పిట్టగోడ వెనక్కి తప్పుకుంది. కాసేపటికి పైనుంచి డబ్బాలు జరిపే చప్పుడు వచ్చింది, ఆ వేళప్పుడు జరపాల్సిన పనే లేదు.

పొద్దెక్కాక అయ్యవారు నేతి గిన్నె తిరిగిచ్చి పోదామని వచ్చాడు. పాపం, మంచివాడు. ఒక మంచి మాట చెప్పి పోదామనే ఆయన తిన్నె మీద కూర్చున్నాడు. "పెద్దమ్మా, మీ కోడలు పుణ్యాత్మురాలు. సీమకూర దేవుడికి ఎట్లా అని నేను సందేహపడినా. ఇంట కాసిన తొలి కాపు అని మీ అబ్బాయి చెప్పినాక సరే అనేసినా. జబ్బుగా ఉండి కూడా మిద్దె మీద తన చేత్తో పెంచి, ఒలిచి పంపింది. రాములోరు ఆమెను చల్లగా చూస్తాడు" అన్నాడు.

అవ్వ గిన్నె అందుకుని, ఆయనకు తాంబూలం ఇచ్చి పంపింది. మందిరం దిక్కుకు తిరిగి చేతులు జోడించి, "తప్పయితే నన్ను అను రామా, ఈ బిడ్డల్ని అనొద్దు" అంది. తరవాత మా ఇద్దరి రెక్కలు పట్టుకుని పెరట్లో కొళాయి దగ్గరకు లాక్కెళ్లింది. వేసుకున్న బట్టలతోనే కూర్చోబెట్టి బిందెతో తలమీద పోసింది. పసుపూ వేపాకూ నూరిన ముద్దను మా మెడకు, రొమ్ముకు, నోటి చుట్టూ రుద్దింది. దేవుడి ప్రసాదాన్ని ఉమ్మమని ఆమె అనలేదు, అనలేదు. కానీ నోరు పుక్కిలించమంది, మళ్లీ పుక్కిలించమంది. శీను ఏడుస్తున్నాడు. ఆమె కూడా ఏడుస్తోంది. మా ముగ్గురి మీదా ధనుర్మాసపు చన్నీళ్లు.

నేను తలెత్తి చూశాను. అమ్మ పిట్టగోడ దగ్గర నిలబడి ఉంది. అంతా చూసింది. ఆమె అరుస్తుందని, ఏడుస్తుందని, చీపురు దాటి దూకివచ్చి మమ్మల్ని లాక్కుంటుందని అనుకున్నాను. అలా వస్తే బాగుండునని ఎంతగా కోరుకున్నానో. ఆమె మాత్రం ఎప్పటి గొంతుతోనే, "అత్తా, నీళ్లు కాంచి పొయ్యండి. బిడ్డలకు సలి పడతాది" అంది. అవ్వ పైకి చూడలేదు. కానీ లేచి వెళ్లి అండా కింద పొయ్యి ముట్టించింది.

ఆ తరవాత అమ్మ ఒక్క కాయ కూడా కోయలేదు. కాయలు చెట్టు మీదే ముదిరి, గోధుమరంగుకు తిరిగి, పగిలాయి. ఎండ ముదిరేసరికి ఆకుల మీద తెల్లటి బూడిద తెగులు వచ్చింది. ఇంకెవరైనా అయితే పీకి పారేసేవారు. అమ్మ అవి పూర్తిగా ఎండిపోయేదాకా నీళ్లు పోస్తూనే ఉంది. మరుసటి కార్తీకంలో గ్రేసమ్మ మళ్లీ విత్తనాలు తెస్తే, "వద్దు సిస్టరమ్మా, నాకిప్పుడు పొద్దుపోతా ఉండాది" అని తిప్పి పంపింది. అప్పటికి మందులు ఆపేశారు, ఇక రావలసిన పని లేదని చెప్పి గ్రేసమ్మ కూడా మానుకుంది. మెట్ల మీది చీపురు అరిగి, చెల్లాచెదురై, ఎవరూ తీయకుండానే లేకుండా పోయింది. అవ్వ ఇంకొకటి పెట్టలేదు, రమ్మని కూడా అనలేదు. ఒకరోజు అమ్మ తనంతట తానే దిగివచ్చి వాకిలి ఊడ్చింది. శీను వెళ్లి కాళ్లకు చుట్టుకుంటే వాణ్ణి మెల్లగా విడిపించి, తల మాత్రం నిమిరింది. ఆ నిమరడం కూడా చీరకొంగు చేతికి చుట్టుకుని.

అమ్మ బతికింది. చాలా ఏళ్లు బతికింది. అలా చూస్తే ఇది అదృష్టవంతుల కథే. ఆ రోజుల్లో ఆ గదుల్లోకి ఎక్కినవాళ్లలో దిగివచ్చినవాళ్లు ఎందరని? కానీ దిగి వచ్చిన అమ్మ, ఎక్కిన అమ్మ కాదు. నీళ్లు తోడేది, బట్టలు ఉతికేది, బియ్యం ఏరేది. పొయ్యి ముందు మాత్రం కూర్చునేది కాదు. తన పింగాణీ పళ్లెం తానే కడుక్కుని పైన గదిలో బోర్లించుకునేది, తినడానికి పైకే పోయేది. పసిబిడ్డల్ని ఎవరైనా చేతికివ్వబోతే "తరవాత ఎత్తుకుంటాలే" అనేది. మొన్నామధ్య సుధ వాళ్ల పక్కింటి అమ్మాయికి అదే జబ్బు వచ్చిందట. కొన్ని నెలలు మాత్రలు మింగి, మామూలుగా ఆఫీసుకు పోతోందట. సుధ దాన్ని జలుబు సంగతి చెప్పినంత తేలిగ్గా చెప్పింది. వాళ్ల ఫ్రిజ్‌లో ఏడాది పొడుగునా ప్యాకెట్టు బఠాణీలుంటాయి, సరదాకి బకెట్లోనూ కాస్తాయి, ఎవరు పెంచారని అడిగేవాళ్లు లేరు. ఈ కాలం మంచిది. ఆ మాట అనడానికి నాకు మొహమాటం లేదు. మా కాలమే మంచిదనే ముసలివాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. వాళ్ల ఇంట్లో మిద్దె మీద గది లేదేమో.

నేను కాలేజీలో చేరిన ఏడు అవ్వకు పక్షవాతం వచ్చింది. కుడివైపు పడిపోయింది. మాట ముద్దగా వచ్చేది. ఆమె ఒళ్లు తుడవడం, చీర మార్చడం, పక్క శుభ్రం చేయడం అన్నీ అమ్మే చేసింది. ఒక్కనాడు విసుక్కోలేదు. తినిపించడం మాత్రం నా పని, నేను లేకపోతే నాయన పని. ఒక మధ్యాహ్నం అవ్వ నా చేతి ముద్దకు నోరు తెరవలేదు. పెదవులు బిగించి ముఖం తిప్పుకుంది. అమ్మ ఉతికిన దుప్పటి తీసుకుని లోపలికి వస్తే ఆమె వైపు తిరిగింది. పనిచేసే ఎడమచేత్తో అమ్మ కొంగు పట్టుకుంది. "మే రాజమ్మా... ఒక ముద్ద... నీ చేత్తో" అంది. మాటలు తడబడినా మా ఇద్దరికీ స్పష్టంగా అర్థమైంది. అవ్వ నోరు తెరుచుకుని ఎదురుచూస్తోంది, మేము చిన్నప్పుడు ఆమె ముందు తెరిచినట్టే.

అమ్మ దుప్పటి పక్కన పెట్టింది. తన కుడిచెయ్యి ఒకసారి చూసుకుంది. అన్నం గిన్నె వైపు వంగింది కూడా. ఇంతలో ఏమనుకుందో, కొంగు మెల్లగా విడిపించుకుని రెండడుగులు వెనక్కి వేసింది. "పాప్పా, నువ్వే పెట్టు" అంది.

"నిన్నే గదమ్మా అడగతా ఉండాది" అన్నాను.

"నా చెయ్యి వద్దులేమ్మా. ముసలి ప్రాణం, తట్టుకోలేదు."

అందులో ఎత్తిపొడుపు లేదు. ఎత్తిపొడుపే అయి ఉంటే నేను ఈపాటికి మరిచిపోయేదాన్ని. నేను ముద్ద చేసి పెట్టాను. అవ్వ దాన్ని నోట్లో ఉంచుకుని అమ్మనే చూస్తోంది, కళ్ల నుంచి నీళ్లు చెవుల్లోకి కారుతున్నాయి. అమ్మ గడప అవతలికి వెళ్లి, తన ఊపిరి మా మీదికి రాకుండా ముఖం పక్కకు తిప్పుకుని నిలబడి, "నీళ్లు తాపించు, గొంతుకు అడ్డం పడతాది" అని చెబుతోంది.